రిలాక్సర్ మానేసి సహజమైన ఉంగరాల జుట్టుకు మారడం: కత్తిరించేయాలా, పెరిగేదాకా ఆగాలా?

కొత్తకుదురు:
అందరికీ నమస్కారం. నాది పుట్టుకతో బాగా బిగువైన ఉంగరాల జుట్టు. చదువుకునే రోజుల నుంచి క్రమం తప్పకుండా రిలాక్సర్ అనే రసాయన క్రీము పెట్టించుకుని దాన్ని సాపు చేయించుకుంటూ వచ్చాను. కొన్ని నెలల క్రితం ఆ పని పూర్తిగా మానేశాను. ఇప్పుడు మాడు దగ్గర నాలుగు వేళ్ల వెడల్పున నా అసలు జుట్టు ఉంగరాలు తిరిగి వచ్చింది; అక్కడి నుంచి వీపు మధ్యదాకా పాత సాపు జుట్టే ఉంది. ఈ రెండూ కలిసే చోట దువ్వెన ఆగిపోతోంది. కాస్త బలంగా లాగితే వెంట్రుక సరిగ్గా ఆ చోటే తెగి చేతిలోకి వస్తోంది.

నా సందేహాలు మూడు. సాపు చేసిన భాగాన్ని ఏ విధంగానైనా మళ్లీ ఉంగరాలుగా మార్చుకోవచ్చా? మార్చలేకపోతే, పొట్టిగా కత్తిరించుకోకుండా ఈ దశ దాటడం సాధ్యమేనా? సాధ్యమైతే, తల మీద రెండు రకాల జుట్టు ఉన్నంతకాలం దాన్ని ఎలా చూసుకోవాలి? పొట్టి జుట్టుతో కనిపించడానికి నేను ఇంకా సిద్ధంగా లేనని ముందే చెబుతున్నాను.

అలలజుట్టు:
స్వాగతం అండి. జవాబు చెప్పేముందు ఒక సంగతి తెలియాలి. రిలాక్సర్, రీబాండింగ్, స్మూతనింగ్, కెరాటిన్ చికిత్స అనే పేర్లను చాలామంది ఒకదాని బదులు ఒకటి వాడేస్తున్నారు గానీ, జుట్టు లోపల అవి చేసే పనులు వేరు, వాటి నుంచి బయటపడే తీరు కూడా వేరు. మీకు పెట్టింది ఏ రకమో గుర్తుందా? డబ్బా మీద రాసిన పదార్థాల పేర్లు గుర్తుంటే ఇంకా మంచిది.

కొత్తకుదురు:
తెల్లటి క్రీములో చిన్న సీసాలోని ద్రవాన్ని అప్పటికప్పుడు కలిపి పెట్టేవారు. లై (సోడియం హైడ్రాక్సైడ్ అనే ఘాటైన క్షారం) లేని రకమని, మాడుకు అంతగా హాని చేయదని చెప్పేవారు. రెండు నెలలకోసారి కొత్తగా పెరిగిన మొదళ్లకు మాత్రమే పెట్టాలని వారే అనేవారు, కాని చాలాసార్లు పాత జుట్టు మీదికి కూడా క్రీము పాకేది.

సూక్ష్మదర్శిని:
మీ వర్ణనను బట్టి అది కాల్షియం హైడ్రాక్సైడ్ క్రీములో గ్వానిడిన్ కార్బొనేట్ ద్రవం కలిపి, గ్వానిడిన్ హైడ్రాక్సైడ్‌ను అప్పటికప్పుడు తయారు చేసుకునే రకం. ఇందులో సోడియం హైడ్రాక్సైడ్ లేకపోవచ్చు గానీ క్షారగుణం మాత్రం తక్కువేమీ కాదు. దీని పీహెచ్ కూడా 12 దాటే ఉంటుంది. మాడు మంట కొంత తగ్గినా, కాల్షియం లవణాలు వెంట్రుక మీద పేరుకుని జుట్టు గరుకుగా, పొడిగా తయారవుతుంది. మీ పాత జుట్టు చివర్లు గడ్డిలా అనిపిస్తుంటే ఇది కూడా ఒక కారణం కావచ్చు. లవణాలను పట్టి బయటకు తీసే చీలేటింగ్ షాంపూను అప్పుడప్పుడు వాడితే ఆ గరుకుదనం కొంత తగ్గుతుంది.

ఇక మీ మొదటి ప్రశ్న. వెంట్రుక ప్రధానంగా కెరాటిన్ అనే మాంసకృత్తు. ఆ కెరాటిన్ గొలుసులను ఒకదానితో ఒకటి కట్టిపడేసి వెంట్రుకకు గట్టిదనాన్నీ, నిలకడైన ఆకారాన్నీ ఇచ్చేవి డైసల్ఫైడ్ బంధాలు. ఒక్కో బంధంలో రెండు గంధకపు పరమాణువులుంటాయి. హైడ్రాక్సైడ్ రకం రిలాక్సర్ ఆ రెండింటిలో ఒకదాన్ని తొలగించి, మిగిలిన ఒక్క పరమాణువుతో లాంథియోనిన్ అనే వేరే బంధాన్ని ఏర్పరుస్తుంది. ఈ చర్య వెనక్కి తిరగదు. రీబాండింగ్‌లో వాడే థయోగ్లైకొలేట్ పద్ధతి వేరు: అది డైసల్ఫైడ్ బంధాలను విడగొడుతుంది, తరువాత జుట్టును ఇస్త్రీ చేసినట్టు సాపు చేసి, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో ఆ బంధాలను కొత్త ఆకారంలో మళ్లీ కలుపుతారు. అదీ శాశ్వతమే. అయితే ఈ రెండింటినీ ఒకే జుట్టు మీద వాడకూడదన్నది మీరు తప్పక గుర్తుంచుకోవలసిన విషయం. హైడ్రాక్సైడ్ తగిలిన జుట్టును థయోగ్లైకొలేట్‌తో ఉంగరాలు తిప్పించుకుందామని వెళితే ఉంగరాలు రావు సరికదా, జుట్టు గుత్తులుగా తెగిపోయే ప్రమాదం ఉంది. ఎవరైనా చేసిపెడతామన్నా ఒప్పుకోకండి.

తెగిన బంధాలను అతికిస్తామని చెప్పే సీరమ్‌లు, మాస్కులు కొన్ని ఉన్నాయి. వాటివల్ల పాడైన జుట్టు కొంత మృదువుగా, కాస్త బలంగా అనిపించవచ్చు. మీ ఉంగరాన్ని మాత్రం అవి తిరిగి తీసుకురాలేవు.

మరి కొత్త జుట్టు ఉంగరాలుగానే ఎందుకు వస్తోందంటే, ఆ ఆకారాన్ని నిర్ణయించేది చర్మం లోపల ఉన్న కుదురు. రిలాక్సర్ మాడు మీదికి వచ్చేసిన వెంట్రుకను మారుస్తుందే తప్ప కుదురు వంపును మార్చదు. కాబట్టి ఏళ్ల తరబడి వాడినవారికి కూడా, కుదుళ్లు మచ్చ కట్టి చెడిపోకుంటే, కొత్తగా పెరిగేది అసలు జుట్టే. చిన్నప్పటి ఉంగరమే అచ్చుగుద్దినట్టు వస్తుందని మాత్రం అనుకోకండి. వయసుతోనూ, హార్మోన్ల మార్పులతోనూ ఉంగరం బిగువు, మందం మారుతూ ఉంటాయి.

సంధి దగ్గరే తెగడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. పైభాగం మెలికలు తిరిగి బలంగా ఉంది, కిందిభాగం బంధాలు పోగొట్టుకుని బలహీనపడింది. దువ్వినప్పుడు లాగే బలమంతా ఈ రెండూ కలిసే చోట పడుతుంది. పైగా మీరు చెప్పినట్టు క్రీము పాత జుట్టు మీదికి పాకిందంటే, సంధికి కాస్త కిందుగా ఉన్న భాగం ఒకటికి రెండుసార్లు ఆ క్షారాన్ని భరించింది.

కత్తెర:
నేను సూటిగా చెబుతాను, ఏమీ అనుకోకండి. సాపు భాగం ఎప్పటికీ మారదని తేలిపోయాక దాన్ని కాపాడటానికి పడే శ్రమంతా చివరికి కత్తిరించి పారేసే జుట్టు కోసమే. తల వెంట్రుకలు నెలకు సుమారు ఒక సెంటీమీటరు, లేదా అంతకు కాస్త ఎక్కువ పెరుగుతాయి. ఏడాదికి సుమారు 15 సెంటీమీటర్లు. బాగా బిగువైన మెలికల జుట్టు ఇంతకంటే నెమ్మదిగా పెరుగుతుంది. వీపు మధ్యదాకా ఉన్న పొడవు అంతా సహజమైన జుట్టే కావాలంటే మూడు నాలుగేళ్లు తప్పవు, మీ జుట్టు నెమ్మదిగా పెరిగే రకమైతే ఇంకా ఎక్కువ. అన్నేళ్లు వారం వారం గంటల తరబడి చిక్కులు తీసుకుంటూ కూర్చోవడానికి ఎంతమందికి ఓపిక ఉంటుంది? మధ్యలో విసిగిపోయి మళ్లీ రిలాక్సర్ పెట్టించుకున్నవారిని నేను చాలామందిని చూశాను.

మొత్తం ఒకేసారి కత్తిరించేస్తే ఆ రోజు నుంచే మీ జుట్టు ఒక్కటే రకం. చిక్కు తీయడం సులువవుతుంది, తలంటుకోవడం కొద్ది నిమిషాల పని అవుతుంది, మీ ఉంగరం ఎలాంటిదో, దానికి ఏది పడుతుందో ఏది పడదో వెంటనే తెలుస్తుంది. సాపు చివర్ల బరువు పోగానే చాలామందికి మొదళ్ల దగ్గరి ఉంగరాలు ఇంకా చక్కగా పైకి లేస్తాయి. పొట్టి జుట్టుతో నలుగురిలోకి వెళ్లడం ఇబ్బందే, కాదనను. కాని ఆ ఇబ్బంది కొన్ని నెలలదే.

నిదానమేప్రధానం:
కత్తెర గారి లెక్క సరైనదే కాని, దాని నుంచి తేల్చిన ముగింపుతో నేను ఏకీభవించను. మధ్యలో విసిగిపోయేవారు ఉన్నట్టే, ఒక్కసారిగా పొట్టిగా కత్తిరించుకుని, అద్దంలో తమను తాము గుర్తుపట్టలేక బాధపడి, అదే వారంలో మళ్లీ సాపు చేయించుకున్నవారూ ఉన్నారు. కొత్తకుదురు గారు పొట్టి జుట్టుకు సిద్ధంగా లేనని మొదటే చెప్పారు. ఆ మాటను మనం గౌరవించాలి. పైగా అంత పొడవునూ చివరిదాకా కాపాడుకోవాలని ఎవరు అన్నారు? మధ్యేమార్గం ఒకటి ఉంది.

ముందుగా సాపు జుట్టును ఒకసారి భుజాల దాకానో మెడ దాకానో తగ్గించండి. పాత జుట్టులో అన్నిటికంటే ఎక్కువగా చిట్లినదీ, చిక్కులకు మూలమైనదీ ఆ చివరి భాగమే. ఆ తరువాత రెండు నెలలకోసారి ఆ రెండు నెలల్లో పెరిగినంత మేర, అంటే సుమారు రెండు సెంటీమీటర్లు, చివర్లు కత్తిరిస్తూ పోండి. చూసేవారికి జుట్టు పొడవు మారినట్టు కనిపించదు, కాని సాపు భాగం తరుగుతూ, ఉంగరాల భాగం పెరుగుతూ వస్తుంది. ఈ పద్ధతిలో చాలామంది ఏడాది, ఏడాదిన్నర గడిచాక తామే ముందుకొచ్చి మిగిలిన సాపు చివర్లను కత్తిరించేసుకుంటారు. అప్పటికి గడ్డం దాకా వచ్చే సహజమైన జుట్టు ఉంటుంది కాబట్టి భయం ఉండదు.

తలంటుకునే విధానమే ఇందులో అసలు కీలకం, అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను. జుట్టంతా నెత్తి మీదికి ఎత్తి రుద్దే అలవాటు ఉంటే ఈ రోజుతో మానేయండి. పొడి జుట్టును నాలుగైదు భాగాలుగా పాపిడి తీసి, ఒక్కో భాగాన్ని వదులుగా జడ అల్లి, జడలు విప్పకుండానే మాడుకు షాంపూ పట్టించి వేళ్ల కొసలతో రుద్దండి. నురుగు జడల మీదుగా కిందికి జారితే పాత జుట్టుకు ఆ మాత్రం శుభ్రత చాలు. తరువాత ఒక్కో జడ విప్పి, జారుడుగా ఉండే కండిషనర్‌ను ధారాళంగా రాసి, మొదట వేళ్లతోనే చిక్కులు విడదీయండి. పెద్దపళ్ల దువ్వెన చివర్ల దగ్గర మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి రావాలి. దువ్వెన సంధి దాకా వచ్చినప్పుడు దానికి కాస్త పైన ఉన్న మొదళ్లను రెండో చేత్తో గట్టిగా పట్టుకుంటే, లాగిన బలం సంధి మీద పడకుండా మీ చేతి మీద పడుతుంది. ఆ భాగాన్ని మళ్లీ అల్లేసి తరువాతిదానికి వెళ్లండి. పూర్తిగా ఎండిపోయిన జుట్టుకు మాత్రం ఎన్నడూ దువ్వెన పెట్టకండి.

తలంటుకునే ముందు కొబ్బరినూనె రాయడం మంచిదే. వెంట్రుక లోపలికి ఇంకి, కడిగినప్పుడు మాంసకృత్తు కోల్పోవడాన్ని అది తగ్గిస్తుందని 2003లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపింది. దానితో పోల్చి చూసిన మినరల్ నూనెకూ, పొద్దుతిరుగుడు నూనెకూ ఆ గుణం కనిపించలేదు. వారానికోసారి తేమనిచ్చే డీప్ కండిషనర్ ఇరవై నిమిషాలో అరగంటో ఉంచండి. మాంసకృత్తు కలిసిన మాస్కు మాత్రం నెలకోసారి చాలు. అది ఎక్కువైతే జుట్టు కర్రలా బిగుసుకుని ఇంకా తెగుతుంది. తుడుచుకునేటప్పుడు తువ్వాలుతో రుద్దకుండా మెత్తని నూలు గుడ్డతో అద్దండి. పడుకునేటప్పుడు జుట్టును వదులుగా అల్లి శాటిన్ గుడ్డ కట్టుకోండి.

కొత్తకుదురు:
ఇంత ఓపికగా రాసినందుకు ధన్యవాదాలు. మొదళ్లను చేత్తో పట్టుకుని దువ్వాలన్న మాట నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఇంకొక్క సందేహం. బయటికి వెళ్లేటప్పుడు మొదళ్లు ఉబ్బుగా, చివర్లు సాపుగా కనిపించడం ఇబ్బందిగా ఉంది. మొదళ్లను మాత్రం జుట్టు సాపుచేసే ఇస్త్రీ పెట్టెతో (స్ట్రెయిటనర్‌తో) సాపు చేసుకుంటే పాత జుట్టుతో కలిసిపోతాయని ఒక స్నేహితురాలు చెబుతోంది. అప్పుడప్పుడు అలా చేయవచ్చా?

రెండుపాయలు:
అప్పుడప్పుడు అన్నది వారానికి రెండుసార్లుగా మారడానికి ఎక్కువ కాలం పట్టదండి. మీ తల మీద ఆరోగ్యంగా ఉన్నది ఆ మొదళ్లే. వాటిని పదేపదే బాగా వేడిచేస్తే కెరాటిన్ రూపం చెడి, ఉంగరం శాశ్వతంగా వదులైపోతుంది. రసాయనం మానేసి వేడితో అదే ఫలితం తెచ్చుకున్నట్టు అవుతుంది. తడి జుట్టు మీద వేడి ఇస్త్రీ పెట్టె పెట్టడం మరీ ప్రమాదం. లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై వెంట్రుక లోపల బుడగలు ఏర్పడి అక్కడ విరుగుతుంది.

దీనికి విరుగుడు తిరగేసి ఆలోచించడమే: మొదళ్లను చివర్లలా మార్చకుండా, చివర్లనే మొదళ్లలా కనిపించేట్టు చేయండి. తలంటుకున్నాక తేమగా ఉన్న జుట్టుకు లీవ్ ఇన్ కండిషనర్ (కడగకుండా అలాగే ఉంచేది), కొంచెం జెల్ లేదా ఫోమ్ రాసి, రెండేసి పాయలు తీసుకుని తాడు పేనినట్టు మెలితిప్పండి. సాపు చివర్లు ఆ మెలికను నిలుపుకోవు కాబట్టి, చివరి నాలుగైదు అంగుళాలను వంగే గుణమున్న మెత్తని రోలర్లకు చుట్టండి. పూర్తిగా ఆరాకే విప్పాలి. కాస్త తడి ఉండగా విప్పితే గంటలోనే చివర్లు సాపుగా వేలాడిపోతాయి. మూడు పాయల జడలు అల్లి విప్పినా ఇదే పని జరుగుతుంది, అలలు కొంచెం పెద్దవిగా వస్తాయి. మీ మొదళ్లది ఎంత బిగువైన ఉంగరమో దానికి సరిపడా సన్నని రోలరు ఎంచుకోవడంలోనే నేర్పంతా ఉంది; ఒకటి రెండుసార్లు ప్రయత్నిస్తే మీకే తెలుస్తుంది.

ఈ దశలో రంగు వేయించుకోవాలనిపించినా, జుట్టును తెల్లబరిచే బ్లీచ్ జోలికి మాత్రం వెళ్లకండి. రిలాక్సర్ తగిలిన భాగం దాన్ని తట్టుకోలేదు.

మాడేముఖ్యం:
రెండుపాయలు గారి సలహాకు ఒక హెచ్చరిక జోడిస్తాను. మెలికలైనా జడలైనా సవరాలైనా నుదురు, కణతల దగ్గర బిగుతుగా లాగితే అక్కడి జుట్టు నెమ్మదిగా పలచబడుతుంది. తొలిదశలో లాగడం ఆపితే మళ్లీ వస్తుంది. ఏళ్ల తరబడి కొనసాగితే కుదుళ్లు మచ్చగా మారి ఇక రాదు. అల్లిన తరువాత నొప్పి పుట్టినా, చర్మం మీద చిన్న చిన్న పొక్కులు లేచినా అది బిగుతుగా ఉన్నట్టే; అలవాటవుతుందని ఓర్చుకోకుండా విప్పేయాలి.

రాలడానికీ తెగడానికీ తేడా తెలుసుకోవడం కూడా అవసరం. సహజంగా రాలిన వెంట్రుక పూర్తి పొడవు ఉండి, ఒక చివర చిన్న తెల్లటి బొడిపె కనిపిస్తుంది; రోజుకు యాభై నుంచి వంద దాకా రాలడం మామూలే. జడలు ఎక్కువ రోజులు ఉంచి విప్పితే అన్నాళ్లవీ ఒకేసారి చేతికొస్తాయి కాబట్టి కంగారుపడనక్కరలేదు. బొడిపె లేని పొట్టి ముక్కలు మాత్రం తెగినవి. కొత్తకుదురు గారికి జరుగుతున్నది అదే, దానికి పైన చెప్పిన జాగ్రత్తలే మందు. కాని నడినెత్తిన మొదలై చుట్టూ విస్తరిస్తూ పలచబడుతున్నా, ఆ చోట మంట, దురద, నొప్పి ఉన్నా, చర్మం నున్నగా మెరుస్తూ కుదుళ్ల గుంతలు కనిపించకపోయినా చర్మవైద్యుల దగ్గరికి వెళ్లడంలో ఆలస్యం చేయకూడదు. మచ్చ కట్టే రకం జుట్టు నష్టాన్ని తొలిదశలో ఆపగలరు గాని, పోయిన కుదుళ్లను తిరిగి తేలేరు.

సందేహజీవి:
చర్చ బాగుంది, కాని ఒక మాట అడగాలనిపిస్తోంది. ఏళ్లుగా వాడుతూ ఏ సమస్యా లేనివారు కూడా ఎందుకు మానుకోవాలి? రిలాక్సర్ వల్ల క్యాన్సర్ వస్తుందని సామాజిక మాధ్యమాల్లో భయపెడుతున్నారు. అందులో నిజమెంత?

సూక్ష్మదర్శిని:
భయపెట్టడానికీ కొట్టిపారేయడానికీ మధ్యలో ఆగవలసిన విషయం ఇది. మీరు విన్నది 2022 అక్టోబరులో వెలువడిన అమెరికా అధ్యయనం గురించి కావచ్చు. అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థల ఆధ్వర్యంలో, 35 నుంచి 74 ఏళ్ల మధ్య వయసున్న 33,497 మంది స్త్రీలను దాదాపు పదకొండేళ్లు గమనించగా 378 మందికి గర్భాశయ క్యాన్సర్ వచ్చింది. జుట్టు సాపుచేసే ఉత్పత్తులను అసలు వాడనివారిలో 70 ఏళ్లు వచ్చేసరికి ఆ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతమనీ, ఏడాదిలో నాలుగుసార్లకు మించి వాడినవారిలో 4.05 శాతమనీ అంచనా కట్టారు. రెట్టింపు కంటే ఎక్కువే అయినా, తరచుగా వాడినవారిలో కూడా అత్యధికులకు ఆ వ్యాధి రాదన్నది ఆ అంకెల్లోనే ఉంది. స్త్రీలు ఏ కంపెనీ ఉత్పత్తి వాడారో, అందులో ఏ పదార్థాలున్నాయో ఆ అధ్యయనం నమోదు చేయలేదు. ఇది సంబంధాన్ని చూపింది తప్ప, ఫలానా పదార్థమే కారణమని నిరూపించలేదు. మానుకోవాలా వద్దా అన్నది ఎవరికి వారు తేల్చుకోవలసినదే. మాడు కాలి పుండ్లు పడ్డ అనుభవం ఉన్నవారికి మాత్రం ఏ అధ్యయనమూ అవసరం లేదనుకుంటాను.

ఆ అధ్యయనంలో సాపుచేసే ఉత్పత్తులు వాడామని చెప్పినవారిలో దాదాపు 60 శాతం మంది నల్లజాతి స్త్రీలు. ఈ రకం రిలాక్సర్లు ఎక్కువగా వారిని ఉద్దేశించే తయారయ్యాయి. సహజమైన జుట్టుతో వెళితే ఉద్యోగాల్లో, బడుల్లో వివక్ష ఎదురయ్యే పరిస్థితి అక్కడ ఉండేది కాబట్టే దాన్ని నిషేధిస్తూ 2019లో కాలిఫోర్నియా క్రౌన్ చట్టం చేసింది. ఆ తరువాత మరెన్నో రాష్ట్రాలు అదే దారి పట్టాయి. ఇక్కడ మనం ఒకరికొకరం చెప్పుకుంటున్న మెలికలు, రోలర్లు, సంధిని కాపాడే కిటుకులు కూడా చాలావరకు వారి చేతుల్లో రూపుదిద్దుకున్నవే.

మేఘమాల:
నాది కొంచెం వేరే సమస్య. నేను రిలాక్సర్ వాడలేదు, కెరాటిన్ స్మూతనింగ్ చేయించుకున్నాను. నేను కూడా ఇలాగే ఏడాదుల తరబడి కత్తిరించుకుంటూ పోవాలా?

అలలజుట్టు:
చాలావరకు అక్కరలేదు. ఆ చికిత్సలో డైసల్ఫైడ్ బంధాలను తెంచరు. పైన ఒక పొర పట్టించి వేడితో అతికిస్తారు. మూడు నుంచి ఐదు నెలల్లో తలంటుకున్నకొద్దీ ఆ పొర వదిలి ఉంగరాలు తిరిగి వస్తాయి. అయితే ఆ పొరను అతికించడానికి రెండువందల డిగ్రీలు దాటిన ఇస్త్రీ పెట్టెతో పలుమార్లు లాగుతారు కనుక, ఆ వేడికి కొన్ని పాయలు శాశ్వతంగా సాగిపోవచ్చు. ఆరేడు నెలలు గడిచినా తడిపినప్పుడు ముడుచుకోని పాయలు ఉంటే అవి వేడికి చెడినవి, వాటిని కత్తిరించక తప్పదు.

మళ్లీ చేయించుకునే ఆలోచన ఉంటే పదార్థాల పట్టిక చదవండి. ఇలాంటి ఉత్పత్తుల్లో చాలావాటి నుంచి వేడి తగలగానే ఫార్మాల్డిహైడ్ వెలువడుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల వర్గంలో చేర్చింది. దాని బదులుగా వాడుతున్న గ్లయాక్సిలిక్ ఆమ్లం కూడా నిరపాయకరమేమీ కాదు. 2020, 2021, 2022 సంవత్సరాల్లో మూడుసార్లు సాపు చికిత్స చేయించుకుని మూడుసార్లూ మూత్రపిండాలు దెబ్బతిన్న 26 ఏళ్ల యువతి గురించి ఒక ప్రముఖ వైద్య పత్రిక 2024లో ప్రచురించింది. ఆమె మాడుకు రాసిన క్రీములో ఈ ఆమ్లం ఉంది.

కత్తెర:
అలలజుట్టు గారు చెప్పిన తడిపి చూసే పరీక్ష కొత్తకుదురు గారికి కూడా పనికొస్తుంది. పొడిగా ఉన్నప్పుడు ఉబ్బు వల్ల సంధి ఎక్కడుందో తెలియదు. బాగా తడిపితే ఉంగరాల భాగం ముడుచుకుని, సాపు భాగం తీగలా వేలాడుతుంది, గీత గీసినట్టు తెలుస్తుంది.

కొత్తకుదురు:
మీ అందరి మాటలూ విన్నాక ఒక నిర్ణయానికి వచ్చాను. మొదట భుజాల దాకా తగ్గించి, నిదానమేప్రధానం గారు చెప్పినట్టు రెండు నెలలకోసారి చివర్లు కత్తిరించుకుంటూ వెళతాను. ఇస్త్రీ పెట్టెను స్నేహితురాలికే ఇచ్చేశాను. కత్తెర గారూ, చివరి సాపు ముక్కను తీసేసే రోజు మీకే ముందు చెబుతాను. ఆ రోజు కోసం ఒక్క ప్రశ్న: జుట్టును తడిపి కత్తిరించాలా, పొడిగా ఉన్నప్పుడా?

కత్తెర:
రెండూ కావాలి. ముందు తడిపి, సంధి కనబడిన చోట ఒక్కో చిన్న పాయ తీసుకుని సాపు భాగాన్ని తీసేయాలి. ఉంగరాల జుట్టు ఆరినప్పుడు ముడుచుకుపోతుంది, బిగువైన రకమైతే సగానికి సగం, కొందరికి అంతకంటే ఎక్కువగా కూడా. అందువల్ల తడి జుట్టును చూసి ఆకారం తీర్చిదిద్దాలనుకుంటే ఆరాక మీరు అనుకున్నదానికంటే బాగా పొట్టిగా మిగులుతుంది. సాపు భాగం తీసేశాక పూర్తిగా ఆరనిచ్చి, ఉంగరాలు వాటి సహజమైన చోటికి చేరాక మాత్రమే హెచ్చుతగ్గులు సరిచేయించుకోండి. ఎక్కడైనా సాపు ముక్క ఒకటి రెండు మిగిలిపోయినా ఆ రోజే వెంటపడకండి, మరుసటిసారి తలంటుకున్నప్పుడు దానంతటదే బయటపడుతుంది.

నిదానమేప్రధానం:
కత్తెర గారితో ఈ ఒక్క విషయంలో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఉంగరాల జుట్టును పొడిగా కత్తిరించడం వచ్చినవారి చేత చేయించుకోండి, పలచన చేసే పళ్ల కత్తెర మాత్రం వాడనివ్వకండి.